తాగిండన్న మాట

సోమలింగం సూరత్ మరమగ్గాల మీద ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నా ఏనాడూ మందు ముట్టలేదు. ఆ సంగతి పక్క మగ్గాలు నడిపే నరహరికి అందరికంటే బాగా తెలుసు. ఇద్దరిదీ ఒకే ఊరు. పెళ్లిళ్లయ్యేదాకా ఒకే గదిలో వండుకుని తిన్నారు.

ఒకరోజు పొద్దున సోమలింగానికి తల పగిలిపోతున్నంత నొప్పి వచ్చింది. వాంతి చేసుకుని మగ్గం పక్కనే కూలబడ్డాడు. మగ్గాల యజమాని సేటు వచ్చి అడిగితే నరహరి, "తాగిండు సేట్, జరసేపు పండుకుంటే దిగుతది" అన్నాడు. గుజరాత్‌లో మందు నిషేధం కదా, పోలీసుల భయంతో సేటు ఎవరినీ పిలవలేదు. నూలు మూటల చాటున పడుకోబెట్టించాడు. మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య కొమురవ్వ, అతని ఒక కంటిరెప్ప వాలిపోవడం చూసి, ఏడుస్తూనే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది.

మెదడు వెనుక వైపు రక్తనాళం బుడగలా ఉబ్బి పగిలిందని, ఆ చోట అలా కావడం చాలా అరుదని డాక్టరు చెప్పాడు. పుర్రె తెరిచి, బుడగ మొదలు దగ్గర చిన్న క్లిప్పు బిగించారు. సోమలింగం బతికాడు.

మాట తిరిగి వచ్చాక నరహరి కొబ్బరిబోండాలు పట్టుకుని చూడవచ్చాడు.

"నేను తాగుతనారా?" అని అడిగాడు సోమలింగం.

"నిన్ను దవాఖానకు తోల్కపోతే నా మగ్గాలు ఆగుతుండె. గింత పెద్దగైతదని నాకేం ఎరుక?"

"వేరేటోడు చెప్తే సేటు నమ్మకపోతుండె. నా దోస్తువని నమ్మిండు."

సోమలింగం ఇప్పుడు మగ్గాలు వదిలి, సూరత్ దగ్గరి కామ్‌రేజ్‌లో చీరలు మడతపెడుతున్నాడు. ఊరివాళ్లు నరహరి ఎట్లున్నాడని అడిగితే, తెలియదంటాడు.