కొండ మీద వదిలేసిన పేరు

2023 వేసవి. ఆ నెలల్లో తిరుపతి వచ్చి వెళ్ళినవాళ్ళకు ఇక్కడి ఎండ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. బస్టాండుకు దగ్గర్లో ఒక మేడ మీద నా ఆఫీసు. ఆరోగ్య బీమా పాలసీలు చేయించడం నా వృత్తి. మొదట్లో అందరు ఏజెంట్లలాగే ఇంటింటికీ తిరిగాను. కొన్నేళ్ళుగా విదేశాలకు వెళ్ళేవాళ్ళ పాలసీలే ఎక్కువగా చూస్తున్నాను. చదువుకు వెళ్ళే పిల్లలు, టూర్లకు వెళ్ళే కుటుంబాలు రోజూ వస్తుంటారు. రిటైరయ్యాక ఏడాది పాటు పరాయి దేశంలో ఉండొస్తామని వచ్చేవాళ్ళు మాత్రం అరుదు. అలా వచ్చిన ఒక జంట గురించి ఇది. పేర్లు మార్చాను.

ఆయన మునిరత్నం. పలమనేరులో పాలు చల్లబరిచే కేంద్రానికి మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఆమె సుగుణ, అక్కడే ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి పెన్షన్ తీసుకుంటున్నారు. దర్శనం చేసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చినట్టున్నారు. ఆయన గుండుకు పూసిన గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు.

"థాయిలాండుకు పోతాము మేడమ్. వీసాకు ఇన్సూరెన్సు కావాలంట" అన్నారాయన.

"టూరుకా అన్నా?"

"టూరు పోయినేడే అయిపోయింది. ఇప్పుడు ఉండేదానికి పోతాము. ఒక సంవత్సరం. ఉత్తరాన కొండల్లో ఊరొకటి ఉండాది. సల్లగా ఉంటాది, మా పలమనేరు మాదిరే."

"పలమనేరు మాదిరే ఉంటే పలమనేరులోనే ఉండొచ్చు గదన్నా?"

ఆయన గట్టిగా నవ్వారు. ఆమె నవ్వలేదు. చేతిసంచిని ఒళ్ళో సర్దుకుని, నేను తర్వాత ఏం అడుగుతానా అన్నట్టు చూశారు.

ఆయన జేబులోంచి పెన్షనర్ల హెల్త్ కార్డు తీసి బల్ల మీద పెట్టారు. ఇది పనికొస్తుందా అని అడిగారు. రిటైరైన ప్రతి ఉద్యోగీ ఇది అడుగుతారు. అది మన ప్రభుత్వం ఒప్పుకున్న ఆస్పత్రుల్లో చెల్లే కార్డు. సముద్రం దాటితే అది ఫోటో ఉన్న అట్టముక్క. టూరుకు తీసుకునే ట్రావెల్ పాలసీ కూడా సరిపోదు, అది కొద్ది రోజుల ప్రయాణాలకు. యాభై దాటినవాళ్ళు ఉద్యోగం చేయకుండా ఏడాది ఉండటానికి ఇచ్చే వీసాకు, ఆ ఏడాదంతా ఆస్పత్రి ఖర్చు భరించే పాలసీ చూపించాలి. ఇంత మొత్తానికి తగ్గకూడదని ఆ దేశమే చెబుతుంది. వయసు మళ్ళినవాళ్ళు వచ్చి ఆస్పత్రిపాలై, బిల్లు కట్టలేక చేతులెత్తేస్తే ఎట్లా అన్నది వాళ్ళ భయం. వాళ్ళను తప్పు పట్టడానికేమీ లేదు.

పాలసీకి మొదటి మెట్టు ప్రపోజల్ ఫారం. అంటే ఇప్పటిదాకా ఏ జబ్బులు వచ్చాయి, ఏ ఆపరేషన్లు అయ్యాయి, ఏ మందులు వాడుతున్నారు అన్న ప్రశ్నల పత్రం. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బును ప్రీ-ఎగ్జిస్టింగ్ డిసీజ్ అంటాం. అది చెప్పకుండా దాస్తే నాన్-డిస్‌క్లోజర్. తర్వాత ఎప్పుడు బయటపడ్డా కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చవచ్చు, పాలసీనే రద్దు చేయవచ్చు.

నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. తనకు బీపీ ఉందని, మాత్ర వేసుకుంటున్నానని ఆయన చెప్పారు. తర్వాత ఆమె వైపు తిరిగి అడిగాను. ఆయనే చెప్పారు.

"ఆమెకేమీ లేదు మేడమ్. సుగర్ లేదు, బీపీ లేదు. నాకంటే గట్టిది."

"ఆపరేషన్లు?"

"ఏమీ లేవు."

మా వైపు భార్య ఆరోగ్యం గురించి అడిగితే భర్త చెప్పడం మామూలే. భార్య నక్షత్రం, గోత్రం తడుముకోకుండా చెబుతారు, ఆమె వేసుకునే మాత్ర పేరు మాత్రం చచ్చినా గుర్తుండదు. అందుకే నాకో అలవాటు ఉంది. ఈ వీసాకు మామూలు పాస్‌పోర్టు ఫోటోలు కుదరవు, కొలత వేరు. ఆ ఫోటోలకు భర్తను కిందనున్న స్టూడియోకు పంపిస్తాను. ఆయన వచ్చేలోపు ఆమెను అవే ప్రశ్నలు మళ్ళీ అడుగుతాను. ఎక్కువసార్లు థైరాయిడో, గర్భసంచి ఆపరేషనో బయటపడుతుంది. ఆ రోజూ అంతకు మించి ఉంటుందని అనుకోలేదు.

మునిరత్నం మెట్లు దిగి వెళ్ళారు. "సుగుణక్కా, ఇంతకుముందు ఏదన్నా పెద్ద జబ్బు చేసిందా?" అన్నాను.

ఆమె చేతిసంచిని బల్ల మీద పెట్టారు. తర్వాత హాజరు పిలిచినంత స్పష్టంగా చెప్పారు.

"క్యాన్సర్ వచ్చింది. రొమ్ముకు. పన్నెండేండ్లయింది. ఒక పక్క తీసేసినారు."

నేను రాసుకోవడం ఆపాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "ఈ మాట నోటితో అని ఎన్నాళ్ళయిందో. నా గొంతే నాకు కొత్తగా ఉండాది" అన్నారు.

వేలూరులో ఆపరేషన్ అయిందట. మందులకు జుట్టంతా ఊడిపోయిందట. మళ్ళీ వచ్చిన ఆ కొత్త జుట్టును, నడుము దాకా పెరగనిచ్చి, కొండకు తీసుకెళ్ళి ఇచ్చారు. అత్తగారి మొక్కు అది. దిగేటప్పుడు అలిపిరి మెట్ల మీద అత్తగారు ఒక మాట చెప్పింది. జబ్బును స్వామికి వదిలేశాము, దాని పేరు మళ్ళీ కిందికి తీసుకురాకూడదు, ఇంట్లో ఎవరి నోటా వినబడకూడదని. ఇంటికి రాగానే ఆస్పత్రి కాగితాలన్నీ వేన్నీళ్ళ పొయ్యిలో పెట్టేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో దాన్ని 'ఆ కాలం' అనే అన్నారు. అత్తగారు పోయాక కూడా అంతే.

"పేరు ఎవురూ అనరు మేడమ్. అందురికీ తెలుసు. పెండ్లికి పోతే నాకు ముందుగా కుర్చీ వేస్తారు. బిందె ఎత్తితే పరిగెత్తుకొస్తారు. పోయినేడు టూరు పోయినప్పుడు, ఆ థాయిలాండు ఊరి సంతలో నా సంగతి తెలియని ఒకామె కూరగాయల గంప నా సేతికిచ్చి, అటు పక్క పట్టుకోమని సైగ చేసింది. ఇద్దరం మోసినాము. నాకు నవ్వు ఆగలేదు. అందుకే పోవాల అంటున్నా."

పాలసీ లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే ఆ ఏడాది లేదు. జబ్బు చెబితే కంపెనీలు కాదనే అవకాశం బాగా ఉంది. ఇవన్నీ ఆమెకు చెప్పాను. అప్పటికి మునిరత్నం ఫోటోల కవరు పట్టుకుని పైకి వచ్చారు.

"చెప్పేసినాను" అన్నారామె ఆయనతో.

ఆయనకు ఏం చెప్పిందో అడగాల్సిన అవసరం రాలేదు. మొహం ఎర్రబడింది. "కొండ మీద వదిలేసిన దాన్ని మల్ల ఎందుకెత్తినావు?" అన్నారు.

నేను కలగజేసుకున్నాను. "దాస్తే ఇబ్బంది అన్నా. ఆపరేషన్ మచ్చ ఉంటుంది. ఆడ ఏ డాక్టర్ చూసినా అడుగుతాడు, రాసుకుంటాడు. అప్పుడు జ్వరానికి కూడా కంపెనీ పైసా ఇవ్వదు."

"అది పోయింది మేడమ్! లేని జబ్బును ఉందని రాస్తారా?" అంటూనే ఆయన గొంతు తగ్గింది. "మాయమ్మ చెప్పినట్టే చేసినాము. పేరెత్తలేదు. అది మల్ల రాలేదు. ఇప్పుడు నేను ఎత్తితే... ఏమన్నా అయితే?"

ఇరవై ఏళ్ళుగా జబ్బులు దాచేవాళ్ళను చూస్తున్నాను. ప్రీమియం తగ్గుతుందని దాస్తారు, పాలసీ రాదని దాస్తారు. వాళ్ళ మీద నాకు చిరాకు. ఈయన మీద వచ్చిన చిరాకు మాత్రం ఆ మాటతో పోయింది, జాలేసింది. ఇన్నేళ్ళుగా ఆయన ఒక మాట అనకుండా ఉండటమే భార్యకు కాపలా అనుకుంటూ బతికారు.

సుగుణ లేచి నిలబడ్డారు. "మీ అమ్మ మాట ఇన్నాళ్ళూ తప్పలేదు నేను. కానీ అబద్ధం చెప్పి పోతే, ఆడ గూడా దీన్ని దాచుకుంటానే బతకాల. దానికి అంత దూరం ఎందుకు? పలమనేరే సాలు."

ఆయన ఫోటోలు జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయారు. ఆమె నాకు నమస్కారం పెట్టి వెనకే వెళ్ళారు. ఈ కేసు ఇంతేనని కాగితాలు పక్కన పెట్టేశాను.

వారం దాటాక ఫోన్ వచ్చింది.

"రాయండి మేడమ్" అన్నారు మునిరత్నం.

"ఏమని రాయమంటారన్నా?"

"ఆమె చెప్పింది రాయండి" అని పెట్టేశారు.

రాయడంతో అయిపోదు. అండర్‌రైటర్ అని ఉంటారు, ఎవరికి పాలసీ ఇవ్వవచ్చో, ఏ షరతుతో ఇవ్వవచ్చో తేల్చేది వాళ్ళే. వాళ్ళకు పాత ఆపరేషన్ రికార్డులు, ఇప్పటి పరీక్షల రిపోర్టులు కావాలి. ఉన్నవేమో పొయ్యిలో పోయాయి. నకళ్ళ కోసం ఇద్దరూ మళ్ళీ వేలూరు వెళ్ళారు. రికార్డుల కౌంటర్ దగ్గర సుగుణే నిలబడ్డారట. ఆయన గేటు బయట టీ కొట్టు దగ్గరే ఉండిపోయారట. "మూడు టీలు తాగినాడంట, నాకు ఒకటి గూడా తేలేదు" అని ఆమె తర్వాత నాతో అన్నారు.

పరీక్షల్లో జబ్బు జాడే లేదు. అయినా మొదటి కంపెనీ కుదరదంది. రెండో కంపెనీ నెల రోజులు నానబెట్టి, చివరికి ఒక ఎక్స్‌క్లూజన్‌తో ఒప్పుకుంది. ఎక్స్‌క్లూజన్ అంటే మినహాయింపు. ఆ ఒక్క జబ్బు తిరగబెడితే కంపెనీ ఇవ్వదు, మిగతా వాటన్నిటికీ ఇస్తుంది. వీసాకు అది సరిపోతుందని కనుక్కున్నాను. దేనికి భయపడుతున్నారో దానికే ఈ పాలసీ పనికిరాదు, ఆలోచించుకోండి అని ఇద్దరికీ విడమరచి చెప్పాను.

"అది వస్తే నేను ఈడికే వచ్చేస్తాను, ఆడ కూర్చోని ఏం సేస్తాను? మిగతావి వస్తే మీ కంపెనీని సూసుకోమనండి" అన్నారు సుగుణ.

వీసా వచ్చింది, వెళ్ళారు. అప్పుడప్పుడూ ఆమె ఫోటోలు పంపేవారు. సంత, మబ్బులు, గడ్డి టోపీ పెట్టుకున్న మునిరత్నం. నేను బాగుందని జవాబిచ్చేదాన్ని.

ఆరేడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, నేను అన్నం తింటుంటే మునిరత్నం ఫోన్. ఆస్పత్రి కౌంటర్ దగ్గర ఉన్నానన్నారు. సుగుణకు కడుపునొప్పి, పిత్తాశయంలో రాళ్ళట, ఆపరేషన్ చేయాలట. కడుపునొప్పి అనగానే ముందు నాకూ ఆ పాత జబ్బే గుర్తొచ్చింది.

"ఆమె మాట్లాడే పరిస్థితిలో లేదు మేడమ్. ముందు ఏమేం జబ్బులుండాయని ఈ కౌంటర్ పిల్ల నన్నడిగింది" అన్నారు. రొప్పుతున్నారు. "నేనే చెప్పినాను. క్యాన్సర్ అని. నా ఇంగ్లీషు ఆ పిల్లకు తెలియక మల్ల మల్ల చెప్పించింది. వరండాలో అందరికీ వినపడేట్టు అరిచి చెప్పినాను."

"మంచి పని చేశారన్నా."

"ఏమీ కాదు గదా మేడమ్?"

ఆయన అడిగింది క్లెయిమ్ గురించి కాదని నాకు తెలుసు. "ఏమీ కాదన్నా" అన్నాను.

కంపెనీ పాత రికార్డులు తీసి చూసింది. మొదటే చెప్పిన సంగతి కాబట్టి పేచీ రాలేదు. క్యాష్‌లెస్‌కు, అంటే రోగి చేతి నుంచి కట్టకుండా కంపెనీయే ఆస్పత్రికి కట్టే పద్ధతికి, అదే రోజు అనుమతి వచ్చింది. ఆ ఒక్క మాట దాచి ఉంటే, రాళ్ళ ఆపరేషన్‌కు కూడా ఆ దంపతులు పరాయి ఊళ్ళో దిక్కులు చూడాల్సి వచ్చేది.

ఈ కేసు తర్వాత నా పద్ధతి కొంచెం మారింది. జబ్బు దాచేవాళ్ళందరూ ఆశతోనే దాస్తారని ఇప్పుడు అనుకోను. కొందరు భయంతో దాస్తారు, కొందరు ప్రేమతో దాస్తారు. వాళ్ళకు రూల్స్ చదివితే లాభం లేదు. ఎవరి ఒంటి సంగతో వాళ్ళను కూర్చోబెట్టి అడిగి, చెప్పేదాకా ఓపిక పట్టాలి. ఇప్పటికీ భర్తలను ఫోటోలకు పంపిస్తూనే ఉన్నాను, అది వేరే విషయం.

ఏడాది ముగిశాక ఇద్దరూ తిరిగొచ్చారు. ఇంకో ఏడాదికి వెళ్తామని మళ్ళీ నా ఆఫీసుకు వచ్చారు. కొత్త ఫారం తీశాను. సుగుణ వైపు తిరిగి, "ఇంతకుముందు ఏదన్నా పెద్ద జబ్బు చేసిందా అక్కా?" అని అడిగాను.

ఆమె నోరు తెరిచేలోపే మునిరత్నం అందుకున్నారు. "రొమ్ము క్యాన్సర్ మేడమ్. ఎడమ పక్క. వేలూరులో ఆపరేషన్ అయింది. ఇప్పుడు బాగుండాది, రాసుకోండి."

సుగుణ నా వైపు చూసి నవ్వారు. "సూడండి మేడమ్, ఇప్పుడు గూడా నన్ను మాట్లాడనీడు."