మూడుసార్లు పిలవని గంట

ఇరాన్‌లోని కెర్మాన్ పట్టణంలో ఫఖ్రీ ఖానమ్‌కు రెండు విషయాల వల్ల పేరొచ్చింది. ఆవిడ గుమ్మం దాకా వచ్చినవాళ్లెవరూ టీ తాగకుండా వెనక్కి పోలేదన్నది ఒకటి. ఆవిడ ఎదురుగా కూర్చున్నవాళ్లెవరూ మొదలుపెట్టిన మాట పూర్తి చేయలేదన్నది రెండోది. మొదటిది పుట్టింటి పెంపకం. రెండోది ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసినందుకు దక్కిన ఆస్తి. పిల్ల నోరు తెరవగానే ఏ సాకు బయటికి రాబోతోందో ఆవిడకు తెలిసిపోయేది. ఉద్యోగం అయిపోయినా తెలిసిపోవడం మాత్రం ఆగలేదు.

ఆడపడుచు పూరాన్‌తో మాటలు పోయింది ఈ ఆస్తి వల్లే. ఫఖ్రీ ఖానమ్ భర్త పోయిన నలభయ్యో రోజున పూరాన్ అన్నగారి పేరు మీద పళ్లెం నిండా కొలోంపే చేసి తెచ్చింది. ఖర్జూరం కూరి, పైన అచ్చు వేసి కాల్చే బిళ్లలవి. ఆ రోజు కాస్త గట్టిపడ్డాయి. ఫఖ్రీ ఖానమ్ ఒకటి కొరికి, వచ్చిన బంధువులందరికీ వినిపించేలా, "టీలో నానబెట్టుకుని తినండమ్మా, పళ్లు జాగ్రత్త" అని హితవు చెప్పింది.

"వదినా, అది ఎందుకలా అయిందంటే..." అని పూరాన్ మొదలుపెట్టింది.

"తెలుసులే, సెగ ఎక్కువైంది" అంది ఫఖ్రీ ఖానమ్.

ఆ రోజు వెళ్లిపోయిన పూరాన్ ఆరేళ్లుగా ఆ వీధి మొహం చూడలేదు. ఫఖ్రీ ఖానమ్ వెళ్లి పలకరించవచ్చు కదా అని ఎవరైనా అనుకుంటే, వాళ్లకు కెర్మాన్ తెలియదన్నమాట. కొత్త సంవత్సరం నౌరూజ్ పండక్కి చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇంటికి రావాలి. ఆ తర్వాతే పెద్దవాళ్లు తిరిగి వెళ్లాలి. పెద్దరికం ముందుగా లేచి నడిస్తే దాన్ని రాజీ అనరు, లొంగుబాటు అంటారు. అందుకని ఫఖ్రీ ఖానమ్ ప్రతి నౌరూజ్‌కూ పిస్తాలు, మిఠాయిలు పేర్చి, పూరాన్ కోసం ఎదురుచూడటం లేదన్నట్టు ఎదురుచూసేది.

ఈ ఏడు పూరాన్ వస్తుందని చుట్టాల ద్వారా కబురొచ్చింది. సరిగ్గా ఆ వారమే అల్లుడు బెహ్రూజ్ గేటుకు కెమెరా ఉన్న గంట బిగించాడు.

అతని ఉద్దేశం మంచిదే. అత్తగారి మోకాళ్లు సహకరించడం మానేశాయి. వరండా దిగి, ముంగిలి దాటి గేటు చేరేసరికి వచ్చినవాళ్లు విసుగెత్తి వెళ్లిపోతున్నారు. ఈ గంట రెండు నోళ్లది. గేటు దగ్గర కదలిక కనబడగానే వీధిలో ఉన్న నోరు ఫఖ్రీ ఖానమ్ గొంతుతోనే "రండి, దయచేయండి, మీ అడుగు మా కళ్లమీద" అంటుంది. అలమారలో కూర్చున్న రెండో నోరు రేడియో వార్తల ఆడమనిషిలా "ద్వారం వద్ద ఒక వ్యక్తి ఉన్నారు" అని ఇంట్లోవాళ్లకు నివేదిస్తుంది.

ఆ నివేదికల్లో నిజాయితీ ఉంది, విచక్షణ లేదు. పక్కింటి పిల్లి ఒక వ్యక్తి. గాలికి ఊగే మల్బరీ కొమ్మ ఒక వ్యక్తి. చుట్టాలు సెలవు తీసుకుని గేటు దగ్గర మళ్లీ కబుర్లలో పడితే, ఆ సెలవు తీసుకోవడం పూర్తయ్యేదాకా వాళ్లు కొత్తగా వచ్చిన వ్యక్తులు. బెహ్రూజ్ పెద్దనాన్న ఒకాయన అలా గేటు దగ్గర కబుర్లాడుతూ లోపలినుంచి ఈ ప్రకటన నాలుగుసార్లు విని, "పొమ్మనడానికి యంత్రం కూడా పెట్టుకున్నారా!" అని టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులు గడిచేసరికి ఫఖ్రీ ఖానమ్ ఆ అలమార మాట పట్టించుకోవడం మానేసింది.

కాబట్టి పండగ రోజు ఆవిడ అన్నం వారుస్తుండగా అది "ద్వారం వద్ద ఒక వ్యక్తి ఉన్నారు" అంటే, "కొమ్మేలే" అనుకుంది. కాసేపటికి "ద్వారం వద్ద ఎవరూ లేరు" అంది. అది కూడా వార్త అనిపించలేదు.

సాయంత్రం బెహ్రూజ్ ఫోనులో గంట తీసిన వీడియో చూపించాడు. చేతిలో డబ్బాతో పూరాన్. గంట "రండి" అంది. పూరాన్ గుండెమీద చెయ్యి పెట్టుకుని, "వద్దు వదినా, నిన్ను ఇబ్బంది పెట్టను, ఇలా చూసి వెళ్లిపోతాను" అంది. తర్వాత నిలబడింది. డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. గేటు ముందున్న కాళ్లపట్టాను చెప్పుకాలితో సరిచేసింది. గంట రెండోసారి పిలవలేదు. పూరాన్ మొహం మెల్లగా మారింది. వెళ్లిపోయింది.

ఫఖ్రీ ఖానమ్ సోఫాలో కూలబడింది.

"ఒక్కసారి పిలిచి ఊరుకుందా?"

"ఒక్కసారి చాలు కదా అత్తయ్యా. రమ్మంటే వచ్చేయొచ్చుగా."

"మొదటి పిలుపుకే లోపలికొచ్చేవాళ్లు అప్పులవాళ్లు బాబూ! మర్యాదస్తులు రెండుసార్లు వద్దంటారు. మూడోసారి పిలిస్తే కాదనలేక వస్తారు. నువ్వు మా అమ్మాయి కోసం వచ్చినప్పుడు ఎన్నిసార్లు వద్దన్నావో మర్చిపోయావా? నేను రెండోసారితో ఆపేసి ఉంటే ఏమయ్యేది?"

ఏమయ్యేదో తలుచుకుని బెహ్రూజ్ ఆ రాత్రే మార్పులు చేశాడు. అత్తగారి గొంతుతో మూడు పిలుపులు ఎక్కించాడు. మొదటిది మామూలు మర్యాద. రెండోది, "అయ్యో, గుమ్మంలో నిలబడడమేమిటి? టీ పెట్టేశాను." మూడోదానికి ఫఖ్రీ ఖానమ్ బడి వార్షికోత్సవ నాటకాల అనుభవమంతా ఉపయోగించి, "మీరు రాకపోతే నా మనసు విరిగిపోతుంది, నా ప్రాణం మీద ఒట్టు!" అంది.

"అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ ఇది నోరెత్తదు అత్తయ్యా. వాళ్లు ఆపాకే మొదలుపెడుతుంది."

"పాపం, కాస్త మందబుద్ధి గంట" అంది ఆవిడ జాలిగా.

కొత్త పిలుపులకు మొదటగా దొరికినవాడు గ్యాస్ మీటరు చూసే మనిషి. అతను మర్యాదగా రెండుసార్లు వద్దని, మూడోసారి ప్రాణం మీద ఒట్టు విని చలించిపోయాడు. ఫఖ్రీ ఖానమ్ గేటు తీసేసరికి అతని బూటు ఒకటి విప్పేసి ఉంది. తప్పదు కనుక టీ, మిఠాయి, పిస్తాలు పెట్టింది. వెళ్లేటప్పుడు అతని కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో తనను ఇంతగా బతిమాలిన ఇల్లు లేదన్నాడు.

పూరాన్ మాత్రం రాలేదు. నౌరూజ్ పదమూడు రోజులతో సరి. పదమూడోనాడు ఊరంతా తోటల్లోకి పోతుంది, ఆ తర్వాత వచ్చినా అది పండగ రాక కాదు.

"ఫోన్ చేయండి అత్తయ్యా, గంట తప్పని చెప్పండి" అన్నాడు బెహ్రూజ్.

"గంట మీద నేరం వేసి నేను బతకాలా?"

పన్నెండో రోజు మధ్యాహ్నం అలమార "ద్వారం వద్ద ఒక వ్యక్తి ఉన్నారు" అంది. ఈసారి ఫఖ్రీ ఖానమ్ కొమ్మనైనా సరే ఆదరిద్దామని కర్ర తీసుకుని బయలుదేరింది. ముంగిలి సగంలో ఉండగానే గేటు అవతల గొంతు వినిపించింది.

"రండి, దయచేయండట! నేను పరాయిదాన్నయ్యానన్నమాట. మీటరు చూసేవాడికి మూడు పిలుపులు, నీ మొగుడి తోడబుట్టినదానికి ఒకటి! వాడు మా వీధికొచ్చి ఇంటింటికీ చెప్పుకున్నాడు వదినా, 'అదీ ఇల్లంటే' అని!"

ఫఖ్రీ ఖానమ్ గేటు చేరి నోరు తెరిచింది. పూరాన్ కూడా ఊపిరి కోసం ఆగింది. గంట అందుకుంది: "అయ్యో, గుమ్మంలో నిలబడడమేమిటి? టీ పెట్టేశాను."

తన మాటకు తన గొంతే అడ్డం రావడం ఫఖ్రీ ఖానమ్‌కు జీవితంలో అదే మొదటిసారి. నిర్ఘాంతపోయి గడియ మీద చెయ్యి వేసినది వేసినట్టే ఉండిపోయింది.

"టీ సంగతి తర్వాత! నన్ను చెప్పనీ. సెగ ఎక్కువైందన్నావు. సెగ కాదు. కొలోంపే పొయ్యిలో పెట్టి కూర్చున్నాను. అన్నయ్యకు అచ్చు వెయ్యని ముద్ద పిండి తినడం ఇష్టం కదా, చిన్నప్పుడు నా చేతిలోంచి లాక్కునేవాడు. గిన్నెలో ముద్ద మిగిలింది. తినేవాడు లేడు. ఏడుస్తూ కూర్చుంటే వాసనొచ్చేదాకా పొయ్యి గుర్తు రాలేదు. ఇదీ నేను చెప్పబోయింది."

పూరాన్ ఆగింది. గంట కూడా కాస్త ఆగి, వణికే గొంతుతో, "మీరు రాకపోతే నా మనసు విరిగిపోతుంది, నా ప్రాణం మీద ఒట్టు!" అంది.

వీధిలో డబ్బా చేతులు మారిన చప్పుడైంది.

"వదినా," అంది పూరాన్ చివరికి, గొంతు తగ్గించి. "నా మాట మొత్తం విన్నావు. ఒంట్లో బాగానే ఉందా?"

ఫఖ్రీ ఖానమ్ గేటు తీసింది. చెప్పవలసిన మాటలు నాలుక చివర వరసగా నిలబడి ఉన్నాయి. పూరాన్ చేతిలో డబ్బా చూసి, వాటిని తిరిగి లోపలికి పంపించేసింది. ఆడపడుచు చెయ్యి పట్టుకుని ముంగిట్లోకి నడిపించింది. "ద్వారం వద్ద ఇద్దరు వ్యక్తులు ఉన్నారు" అని లోపలినుంచి అలమార చెప్పింది. ఈసారి దాని లెక్కలో పొరపాటేమీ లేదు.

టీ వచ్చింది. డబ్బా తెరుచుకుంది. కొలోంపే ఈసారి కూడా గట్టిగానే ఉన్నాయి.

"అది ఎందుకంటే వదినా..." అని పూరాన్ మొదలుపెట్టింది.

ఫఖ్రీ ఖానమ్ టీ గ్లాసు పక్కకు జరిపి, ఒక బిళ్లను పొడిగానే నోట్లో వేసుకుని, కట్టుడు పళ్లను దేవుడికి వదిలేసి, వింటూ కూర్చుంది.