అక్కకు పెరుగు మాన్పించిన రోజులు

మా గాజుల దుకాణంలో పేరు అక్క చేతికే. నాకు పేరొచ్చింది వేరే దానికి. మెదక్ బజారులో నేను టమాటాలకు బేరం మొదలుపెడితే, పక్కన కొనేవాళ్ళు ఆగి వింటారు. దుకాణాల మధ్య పెరిగినదాన్ని, ఎదుటివాళ్ళు చెప్పిన మొదటి మాట ఏదైనా నాకు ఎక్కువే అనిపిస్తుంది. అక్క అలా కాదు. వచ్చినామె చెయ్యి పట్టుకుని, పిడికిలి ఎముకలు ఒకసారి నొక్కి, సైజు చెప్పి, ఇంటి ముచ్చట అడుగుతూ అడుగుతూనే డజను గాజులు మణికట్టు దాటించేసేది. నేను తొడిగితే గాజూ చిట్లుతుంది, చేతి మీద గీతా పడుతుంది.

ఆ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. చాయ్ ఎక్కువ తాగుతుందని తిట్టాను. తర్వాత అడుగులు చిన్నవయ్యాయి, జాకెట్టు గుండీ పెట్టుకోవడం దగ్గర్నుంచి ప్రతి పనీ నెమ్మదించింది. హైదరాబాద్ దవాఖానకు తీసుకెళితే నరాల డాక్టరమ్మ చూసి పార్కిన్‌సన్స్ అంది.

అక్క అడిగింది ఒక్కటే. "గాజులు తొడగొచ్చా మేడమ్?"

"ఇప్పుడే మానొద్దు. మందు వాడి చూద్దాం. జబ్బును ఆపదు కానీ చెయ్యి కొంత మాట వింటుంది. రోజుకు మూడు గోలీలు."

"మూడెందుకు మేడమ్, రెండు జేయుండ్రి. దూరంకెల్లి వచ్చినం," అన్నాను నేను.

ఆమె నవ్వాపుకుంది. అక్కే చెప్పింది. "దాని మాటలు పట్టించుకోకుండ్రి మేడమ్. దేవుని దగ్గర గూడ సగం నుంచే షురూ జేస్తది."

ఎందుకొచ్చిందని అడిగితే డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. మెదడు లోతున కొన్ని నరాల కణాలు ఎవరూ అడగకపోయినా గుండెలా తమంతట తామే కొట్టుకుంటూ ఉంటాయట. కొట్టుకున్నప్పుడల్లా కొంచెం కాల్షియం లోపలికి వస్తుంది. పని కాగానే దాన్ని బయటికి తోడెయ్యాలి. ఏళ్ళ తరబడి తోడి తోడి ఆ కణాలు అలసి దెబ్బతింటాయని ఒక ఆలోచన ఉందట, అదొక్కటే కారణమని మాత్రం కాదట. ఆ వచ్చే దారి మూసే మందు లేదా అంటే, ప్రయత్నించారు, ఈ జబ్బు తగ్గినట్టు కనబడలేదు అంది.

నేను సగమే విన్నాను. బస్సు నర్సాపూర్ అడవి దాటేసరికి నా బుర్రలో తీర్పు తయారైంది. సరుకు ఎక్కువైన చోట రాక ఆపాలి. ఆ సాయంత్రమే అక్కకు పాలు బంద్, పెరుగు బంద్, రాగిజావ బంద్. తమలపాకులోకి సున్నం బంద్. మోకాళ్ళకని మా ఊరి డాక్టరు ఇచ్చిన కాల్షియం గోలీలు బియ్యం డబ్బా వెనక దాచేశాను.

"పెరుగు లేకుంటే అన్నం తిన్నట్టెట్లయితదే?"

"నీ నరాలల్ల కాల్షియం నిండిపోయిందక్కా. మేడమ్ జెప్పలే?"

"నిండింది నువ్వు జూసినవా?"

అలా అందే కానీ చారన్నంతోనే లేచింది. నా మీద నమ్మకంతో కాదు. చెయ్యి తిరిగొస్తుందేమోనన్న ఆశతో. రెండు మూడు వారాలకు వణుకు కొంచెం తగ్గింది కూడా. "జూసిండ్రా, పెరుగు మానినందుకే," అని బజారంతా చెప్పుకున్నాను.

మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మకూ అంతే గర్వంగా చెప్పాను. ఆమె కలం కింద పెట్టింది.

"ఎవరు మానెయ్యమన్నారు?"

"మీరే గద మేడమ్."

"కణం లోపలి కాల్షియాన్ని కణమే తన గోడ దగ్గర చూసుకుంటుందమ్మా. మీరు పెరుగు ఆపితే అక్కడ తగ్గదు. రక్తంలో తగ్గకుండా శరీరం ఎముకల్లోంచి తీసుకుంటుంది. ఈ జబ్బులో పడిపోయే భయం ఉంటుంది. పడితే ఎముక నిలవాలా వద్దా? చెయ్యి బాగైంది మా గోలీలకు."

అక్క తిడుతుందనుకున్నాను. "నెల పదిరోజులు మేడమ్," అంది. "దాని పళ్ళెంల మాత్రం రోజూ పెరుగున్నది." ముగ్గురం నవ్వాం. ఇంటికి రాగానే బియ్యం డబ్బా వెనక దాచిన గోలీలు తీసి అక్క చేతిలో పెట్టాను.

ఆ రోజే తెలిసింది, గోలీ వేసుకున్న కాసేపటికి చెయ్యి కుదురుతుందని, తర్వాతి గోలీ వేళకు మళ్ళీ వణుకుతుందని. తొడిగే పని ఆ మధ్యలో పెట్టుకోమంది డాక్టరమ్మ.

మొన్న సరిగ్గా చెయ్యి వణికే వేళకు ఒకామె నిండు నెలల కూతుర్ని తీసుకొచ్చింది. సీమంతానికి గాజులట. వచ్చిన గిరాకీని నేను ఏనాడూ పోనియ్యలేదు. సరుకు పైనుంచి దింపుతున్నారని అబద్ధం ఆడబోతుంటే, అక్క అడ్డం పడింది.

"నా చెయ్యి వణుకుతున్నదమ్మా. గోలి ఇప్పుడే ఏస్కున్న. గంటల మంచిగైతది. కూసుంటరా, పోతరా?"

తల్లి లేచింది. "వేరే దుకాణం జూస్తం తియ్యి."

"నువ్వు పో అమ్మా. నాకు నడిచే ఓపిక లేదు," అని ఆ పిల్ల స్టూలు మీద కాళ్ళు చాపింది. తల్లి గొణుగుతూ కూర్చుంది.

గంట దాటాక అక్క పిల్ల చేతికి సబ్బునీళ్ళు రాసి, పిడికిలి నొక్కి, "రెండు ఆరు సైజు," అంది. నేను వరస తీసి అందించాను. మొదటి గాజు చిట్లింది. అక్క ముక్కలు పక్కకు తోసి, నా వైపు చూడకుండానే చెయ్యి చాపింది. రెండోది దాటింది. మూడోది దాటింది. మునుపు ఐదు నిమిషాల పనికి అరగంట పట్టింది.

ఒక చెయ్యి నిండింది. అక్క నుదుటి చెమట తుడుచుకుంది.

"ఇంకో చెయ్యియ్యి బిడ్డా."