కురాసావా గంటకు తాళం లేదు

ఒగిసో తొమియె ఇంగ్లీషు నేర్చుకున్నది వంటశాలలో. కురాసావా బడిలో ఇరవై ఆరేళ్ళు పిల్లలకు మధ్యాహ్న భోజనం వండిందామె. ముల్లంగి తరుగుతూ, మిసో పులుసు కలుపుతూ, గూట్లో పెట్టుకున్న రేడియోలో పొద్దుటిపూట వచ్చే పాఠం వినేది. రేడియో పంతులు ఒక వాక్యం చెప్పి ఆగేవాడు. ఆ ఆగిన సందులో తొమియె గరిటె తిప్పుతూనే జవాబు చెప్పేది. "ముల్లంగికి ఇంగ్లీషు వచ్చేలా ఉందే" అని తోటి వంటమనిషి ఏడిపించేది. ఊళ్ళో పిల్లలు తగ్గి బడి మూతపడ్డాక ఆ ఇంగ్లీషే ఆమెకు అన్నం పెట్టింది.

నగోయాలో ఉన్న ఒక టూరు కంపెనీ ఆమెను గైడుగా పెట్టుకుంది. ఒక కుటుంబానికి ఒక కారు, ఒక గైడు, ఒక రోజు. పొద్దున్న నరాయి అనే పాత ఊరు, మధ్యాహ్నానికి కురాసావా, సాయంత్రం కొండ దిగాక కోట ఉన్న ఊరు. ఎనిమిదేళ్ళుగా అదే దారి. తొమియె సంచిలో ఎప్పుడూ రెండు జతల కొత్త మేజోళ్ళు ఉండేవి. పాత ఇళ్ళలోకి వెళ్ళేటప్పుడు జోళ్ళు విప్పాలి కదా, చిరిగిన మేజోళ్ళున్న అతిథి గడప దగ్గర తచ్చాడతాడు. ఆమె ఒక జత తీసి గడప పక్కన పెట్టి, చూరు వంక చూస్తూ దూలాల గురించి చెప్పడం మొదలుపెట్టేది.

కురాసావాకు వచ్చాక ఆమె మొదట ఆగేది గంట మంచె దగ్గర. ఊరి నడిమధ్యన రెండు నిలువు దూలాలు, వాటి మీద చిన్న కప్పు, కప్పు కింద కంచు గంట, గంట నుంచి వేలాడే తాడు. మంచె మొదట్లో, నిప్పు నుంచి కాచే అకిబా దేవర రాయి ఉంటుంది. తొమియె చేతులు జోడించి తల వంచేది. "ఏం కోరుకున్నారు" అని అతిథులు అడిగితే "కోరుకోలేదండీ, చుట్టాలొచ్చారని చెప్పాను" అనేది.

ఆ గంటకు తాళం లేదు. ఒకప్పుడుండేది. పిల్లలు ఆకతాయితనంగా మోగిస్తున్నారని ఊరిపెద్ద తాడును పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తొమియె పుట్టకముందు, ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం పట్టుపురుగుల గదిలో నిప్పు అంటుకుంది. తాళంచెవి ఊరిపెద్ద నడుముకుంది, ఊరిపెద్ద కొండ అవతల పెళ్ళి భోజనంలో ఉన్నాడు. పదకొండు ఇళ్ళు కాలిపోయాయి. ఇప్పటికీ ఊళ్ళో ఉన్న కియో బామ్మ తమ్ముడు, నాలుగేళ్ళవాడు, ఆ పొగలోనే పోయాడు. తాడు లాగడానికి వెళ్ళి, పెట్టె తెరుచుకోక, పిడికిళ్ళతో దాన్ని బాదింది కియోనే. అప్పుడామెకు ఎనిమిదేళ్ళు. ఆ తరవాత ఊరు పెట్టెను పొయ్యిలో పెట్టి, తాడును చిన్నపిల్లకు అందేటంత కిందికి దించింది. ప్రతి ఇంటి చూరుకూ ఇంటిపేరు రాసిన బకెట్టు, నిండా నీళ్ళతో వేలాడుతుంది. గంట మోగితే ఎందుకని ఎవరూ అడగరు. బకెట్టు తీసుకుని పరుగెడతారు.

ఈ సంగతి నిరుటి కంపెనీ సమావేశంలో తొమియెనే చెప్పింది. "మీ ఊరి గొప్పేమిటండీ" అని ఆఫీసులో కార్యక్రమాలు రాసే ఫువా అనే కుర్రాడు అడిగాడు. మనసులో ఉన్నది నోటికొచ్చేసింది. "మా గంటకు తాళం లేదు బాబూ. చిన్నపిల్ల మోగించినా నాలుగు నిమిషాల్లో ఊరంతా వచ్చేస్తుంది." అతను కంప్యూటర్లో ఏదో కొట్టుకున్నాడు. మర్యాదకు రాసుకుంటున్నాడనుకుంది ఆమె.

నవంబరులో ఆ రోజు వచ్చినవాళ్ళు ఆస్ట్రేలియా దంపతులు. గ్రాహమ్ పశువుల డాక్టరుగా పనిచేసి మానేసినవాడు, లినెట్ ఆయన భార్య. మంచివాళ్ళు. దారిలో మేజోళ్ళ అవసరం కూడా రాలేదు. కురాసావాలో కారు దిగాక తొమియె రాయికి దండం పెట్టుకుని, "ఒక్క క్షణం ఇక్కడే ఉండండి, నూడుల్స్ వేడిగా పెట్టమని చెప్పి వస్తాను" అని మూడిళ్ళ అవతల ఉన్న సోబా దుకాణానికి వెళ్ళింది.

దుకాణం తెర ఎత్తిందో లేదో, గంట మోగింది. ఒక్కటి కాదు. ఆగకుండా, గుక్క తిప్పుకోకుండా. దూరాన నిప్పుంటే ఒక్కొక్క దెబ్బే ఆగి ఆగి కొడతారు. ఇలా గబగబా కొడితే నిప్పు పక్కనే ఉన్నట్టు.

ఆమె వీధిలోకి వచ్చేసరికే తలుపులు తెరుచుకుంటున్నాయి. టోఫు చేసే ఆయన చేతులకు అంటిన తెల్లటి నురగతోనే వచ్చాడు. మంగలి దుకాణంలోంచి ఒకాయన సగం గడ్డం నురగతో, మెడకు కట్టిన గుడ్డతో వచ్చాడు. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, నడుము వంగినవాళ్ళు, అందరి చేతుల్లోనూ బకెట్లు. ఎవరూ చెప్పకుండానే కాలువ నుంచి మంచె దాకా వరసలో నిలబడ్డారు. కియో బామ్మకు ఎనభై దాటాయి. ఒక కాలికి చెప్పుంది, ఇంకో కాలు వట్టిది. బకెట్టులో నీళ్ళు సగం దారిలోనే ఒలికిపోయాయి. ఆమె తలెత్తి పొగ కోసం చూస్తోంది.

మంచె కింద గ్రాహమ్ తాడు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాడు. లినెట్ ఫోనులో అంతా తీస్తోంది. వరస పూర్తయ్యాక ఆమె ఫోను చంకలో ఇరికించుకుని చప్పట్లు కొట్టింది. "ఎంత బాగా చేశారు" అంది, కళ్ళు చెమర్చుతుండగా.

తొమియె అరవై మూడేళ్ళ జీవితంలో ఎవరిమీదా గొంతు పెంచలేదు. ఆ చప్పట్లు విన్నాక మాత్రం ఆమె చెవులు కాలిపోయాయి.

"ఎవరు మోగించమన్నారండీ మిమ్మల్ని?"

గ్రాహమ్ బిత్తరపోయి జేబులోంచి కాగితం తీశాడు. అతిథులకు కంపెనీ ఇచ్చే కాగితం, తొమియెకు ఇచ్చేది వేరు. అందులో మధ్యాహ్నం వరసలో అచ్చువేసి ఉంది: ఊరి పాత గంటను మీ చేతులతో మోగించండి, ఊరివాళ్ళు వచ్చి మిమ్మల్ని పలకరిస్తారు.

ఆమె అక్కడే నిలబడి కంపెనీకి ఫోను చేసింది.

"ఫువా గారూ, అతిథుల కాగితంలో గంట మోగించమని రాశారా?"

"పెట్టామండీ, ఈ వారం నుంచే. నచ్చిందా వాళ్ళకి?"

"ఊరంతా బకెట్లతో పరుగెత్తుకొచ్చింది."

"నిజంగా? అందరూనా? ఎంతసేపట్లో?"

"నాలుగు నిమిషాల్లో."

"అబ్బ, అయితే మీరు చెప్పింది నిజమేనన్నమాట."

అతని గొంతులో సంతోషం. అతను ఇంకా చెప్పుకుపోతున్నాడు. "ఇది మీకోసం వేసిన ప్రదర్శన అని చెప్పేయండమ్మా. నిజం చెబితే అతిథులు నొచ్చుకుంటారు, వాళ్ళ రోజు పాడవుతుంది. ఇకమీదట ఇబ్బంది లేకుండా తాడుకి తాళం పెట్టిద్దాం. బుక్ చేసుకున్నవాళ్ళు వచ్చినప్పుడు మీరు తీస్తే సరి."

తొమియె కియో బామ్మ వంక చూసింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, వట్టి పాదాన్ని రెండో పాదం మీద పెట్టుకుని వెచ్చబరుచుకుంటోంది. నొచ్చుకోవడం అనే మాట ఈ కుర్రాడు ఎవరికోసం దాచిపెట్టుకున్నాడు? చలిలో వచ్చిన ఈ కాళ్ళకు లేదా ఆ మాట? నిప్పని నమ్మి వచ్చినవాళ్ళను ఆటగాళ్ళని చెప్పాలట, అదీ ఈ ఊళ్ళో పుట్టిన నోటితో.

"నేను చెప్పను" అని ఫోను పెట్టేసింది.

అప్పటికి ఊరిపెద్ద షిమోజో షింజీ జనం మధ్యకు వచ్చాడు. నిప్పు లేదని తెలిశాక అందరికీ ఊపిరి వచ్చింది, ఆయనకు కోపం వచ్చింది.

"తొమీ, నువ్వేం మాట్లాడకు. నా సామాన్ల గది తాళం తెస్తున్నా. ఈ తాడుని ఇవాళే కట్టేస్తా. ఎవడి ఫోటో కోసమో బామ్మ తుంటి విరిగితే నేను చూస్తూ ఊరుకోను."

"షింజీ," అంది కియో బామ్మ కూర్చున్న చోటు నుంచే, "తాళం వేసే సరదా అంతగా ఉంటే నీ నోటికి వేసుకో. తాళంచెవి నా దగ్గర పెట్టు."

కొందరు నవ్వారు. షిమోజో నవ్వలేదు. తాళం తేవడానికి వెళ్ళనే వెళ్ళాడు. టోఫు ఆయన తల గోక్కుంటూ "షింజీ చెప్పేదీ నిజమే కదే తొమీ" అన్నాడు. "రెండుసార్లు ఉత్తుత్తి గంట వింటే మూడోసారి నా కాళ్ళు లేస్తాయా? ఏమో." అది వినగానే తొమియెకు అర్థమైంది. ఆ తాళం ఒక్క తాడుకే కాదు, ఊరివాళ్ళ కాళ్ళకూ పడుతుంది. అదీ తను గొప్పగా చెప్పుకున్న మాట వల్ల.

ఆమె అతిథుల వైపు తిరిగింది. రేడియో పాఠాల్లో ఎన్నో వాక్యాలు వచ్చాయి గాని ఇప్పుడు కావలసినది రాలేదు. ఉన్న మాటలతోనే చెప్పింది.

"ఇది ఆట కాదండీ. ఇది నిప్పు గంట. ఎవరిదో ఇల్లు కాలుతోందని, ఎవరిదో ప్రాణం పోతోందని వీళ్ళు వచ్చారు. మీ ప్రాణమే అయినా వచ్చేవాళ్ళు. ఆమె తమ్ముడు ఈ గంట మోగకే పోయాడు."

లినెట్ ఫోను సంచిలో పెట్టేసింది. ఆ రోజు మళ్ళీ తీయలేదు. గ్రాహమ్ ముఖం పాలిపోయింది. తాడుకు దూరంగా జరిగి, "ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పండి" అన్నాడు.

మంచె చుట్టూ బకెట్లు కుప్పగా పడి ఉన్నాయి, ముప్ఫై ఏడు. సగం ఖాళీవి, కొన్ని దొర్లినవి. కురాసావాలో బకెట్టు ఖాళీగా చూరుకు వేలాడకూడదు, పొద్దు గుంకేలోగా నిండాలి.

"ఒక్కోటీ కాలువలో నింపాలి. ఎవరి చూరుకి వాళ్ళది తగిలించాలి. గడప గడపకీ తల వంచాలి. నేనూ వస్తాను. తప్పులో నాదీ ఉంది."

సాయంత్రం చూడాల్సిన కోట చూడలేదు ఎవరూ. తొమియె బకెట్టు మీది పేరు చదివేది, గ్రాహమ్ నింపి మోసేవాడు, లినెట్ తగిలించేది. కారు డ్రైవరు కూడా చొక్కా చేతులు మడిచి ఒక చెయ్యి వేశాడు. ప్రతి గడప దగ్గరా తొమియె నడుము దాకా వంగి, "భయపెట్టాం, క్షమించండి" అనేది. ఆ ఇద్దరూ అలాగే వంగేవారు.

ఆమెను ఇంకా మండించింది ఏమిటంటే, ఎవరూ తిట్టలేదు. మంగలి దుకాణంలో ఆయన రెండో చెంప గీయించుకుంటూ "సగం గడ్డంతో వీధిలోకి వెళ్ళడం ఈ వయసులో మొదటిసారి, బాగానే ఉంది" అన్నాడు. టోఫు ఆయన సోయా పాలు పాడైపోయాయి. అయినా "నీళ్ళు తాగి వెళ్ళండి, అలిసిపోయారు" అన్నాడు. ఒకావిడ గ్రాహమ్ చేతులు చూసి "కాలువ నీళ్ళు చల్లన కదా" అని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి కాపింది. ఇంకొకావిడ చూరుకు కట్టిన ఎండు పర్సిమన్ పండ్ల దండలోంచి నాలుగు తెంపి లినెట్ జేబులో వేసింది. ఇటువంటి వాళ్ళను, ఇటువంటి వాళ్ళను, నాలుగు నిమిషాల తమాషా అని ఫువా కాగితం మీద అచ్చు వేశాడు. తొమియె పళ్ళ బిగువున వంగి లేచింది.

ఒక బకెట్టు మీద ఉన్న పేరు చూసి ఆమె కాసేపు ఆగింది. ఆ ఇంటావిడ పోయి మూడేళ్ళయింది, ఇల్లు మూసే ఉంది. మరి ఆ బకెట్టును ఎవరు తెచ్చారు? పక్కింటాయన నసిగాడు. "నాదొక చేత్తో, ఆవిడదొక చేత్తో. రోజూ నీళ్ళు మారుస్తున్నా కదా, తీసుకురాకపోతే ఎలా."

ఆఖరిది కియో బామ్మది. గ్రాహమ్ దాన్ని నిండా నింపి, చుక్క ఒలకకుండా తెచ్చి తగిలించి, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బామ్మ అతని తెల్ల జుట్టు మీద రెండుసార్లు తట్టి, "గట్టిగానే లాగాడు. మా వాళ్ళలో ఇంత చెయ్యి ఎవరికీ లేదు" అంది తొమియెతో.

తిరిగి కారు దగ్గరికి వస్తే మంచె కింద షిమోజో తాళం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతసేపూ చూస్తూనే ఉన్నాడు. గ్రాహమ్ చేతులు వెనక్కి కట్టుకుని, తాడుకు నాలుగడుగుల దూరంగా చుట్టు తిరిగి నడిచాడు. షిమోజో అది చూశాడు.

"షింజీ, ఇది మళ్ళీ జరగదు" అంది తొమియె. "జరిపించేవాళ్ళ కారెక్కి నేనీ ఊళ్ళోకి రాను."

"కంపెనీ ఊరుకుంటుందా?"

"ఊరుకోకపోతే మానేస్తాను. ముల్లంగి తరగడం మర్చిపోలేదు."

ఆయన తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు. "సామాన్ల గది తెరిచే వదిలేసి వచ్చాను. ఎవరైనా పార పట్టుకుపోతారు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ లైను తీసేస్తేనే వస్తానని తొమియె కంపెనీకి చేత్తో ఉత్తరం రాసి పంపింది. లైను తీశారు. పక్క ఊరి గైడు చూసి చెప్పాడు. తొమియెను మాత్రం మళ్ళీ పిలవలేదు. తప్పు చేసినవాడు కుర్చీలోనే ఉన్నాడని, క్షమించమన్నది మాత్రం ఇంట్లో కూర్చుందని సోబా దుకాణంలో అనుకున్నారు. ఆస్ట్రేలియా నుంచి ఒక పొట్లం వచ్చింది. కియో బామ్మకు ఉన్ని లోపలుగా కుట్టిన చెప్పులు, వెనక పట్టీతో, పరుగెత్తినా ఊడనివి.

పొట్లం వచ్చిన రోజు సాయంత్రం నిప్పు కాపలా వంతు తొమియె ఇంటిదే. దీపాలు పెట్టే వేళకు ఆమె రెండు చెక్కలు తట్టుకుంటూ, "నిప్పు జాగ్రత్త" అని పలుకుతూ వీధి పొడుగునా నడిచింది. ప్రతి చూరుకూ నిండు బకెట్టు వేలాడుతోంది. కియో బామ్మ ఇంటి ముందు ఆగింది. చెక్కలు రెండుసార్లు తట్టింది.

లోపలి నుంచి బామ్మ పలికింది. "వింటున్నానే. గంట మోగితే వస్తాలే, ఎవరు మోగించినా."