ఇంజనుకు కొట్టిన కొబ్బరికాయ

ఆ వయసులో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు బీపీ మాత్ర వేసుకుని మరీ కోప్పడుతున్నాను, అదొక్కటే తేడా. డెబ్బైలలో గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి (బొగ్గు గని) ఆఫీసులో కొత్తగా చేరిన గుమస్తాను. మా బావ (అక్క మొగుడు) అదే బాయిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు తోసేవాడు. డ్యూటీ దిగి వస్తే నడుం పట్టేసి, కూర్చుని అన్నం తినలేకపోయేవాడు. ఆ టబ్బుల్ని లాగే కొత్త ఇంజను వానాకాలంలోనే వచ్చింది. వచ్చి, ఆఫీసు వెనక షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని పడుకుంది!

ఎందుకని మా ఆఫీసు పెద్దసారును అడిగాను. "నడిపిన రోజు నుంచి తరుగు రాయాలె. గింత ఖరీదు మిషను అరుగుదల ఈ ఏడు ఖర్చుల పడితే లాభం ఏం కనవడ్తది? మార్చి దాటనియ్యి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంజను అరగకూడదు, మా బావ నడుం మాత్రం అరగొచ్చు! దాని తరుగు ఏ రిజిస్టరులో రాస్తారు? ఇదంతా ఆయన ముఖం మీదే కడిగేద్దామనుకున్నాను. (నోటి నుంచి వచ్చింది మాత్రం "సరే సార్".)

ఇంతలో దసరా వచ్చింది. ఆ రోజు మా దగ్గర పూజ అందుకోని మిషను ఉండదు. బావ నడుం పట్టుకునే షెడ్డులోకి వచ్చి, టార్పాలిన్ లాగేసి, "పండుగ పూట దీన్ని పస్తు పండవెడ్తరా?" అంటూ బొట్టుపెట్టి కాయ కొట్టాడు. కాయ కొట్టిన రోజే మిషను మొదలైన రోజుగా రాయడం మా ఆఫీసు ఆనవాయితీ. నేను కొబ్బరిముక్క నములుతూ రిజిస్టరులో ఆ తేదీ వేసి, కాపీ హెడ్డాఫీసుకు పంపేశాను. పెద్దసారు మాట అప్పుడు గుర్తే రాలేదు!

నెల తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. తరుగు రాస్తున్నాం, ఇంజను చేసిన పనేదీ అని. పెద్దసారు కేకలకు కిటికీ మీద పావురాలు లేచిపోయాయి. "ఎవడ్రా రాసింది?"

"తప్పు రాసిన్నని ఉత్తరం పంపుత సార్" అన్నాను. "కాని గిన్ని రోజులు ఎందుకు పండవెట్టినమో గూడ రాయాలె."

ఆయన నన్ను నమిలేసేలా చూశాడు. "ఖర్చు ఎట్లాగూ పడ్డది. ఊకె ఎందుకు పడాలె? రేపే దించుండ్రి బాయిలకు!"

ఏళ్లు గడిచి నేనే లెక్కల ఆఫీసరునయ్యాను. ఒక జనవరిలో కొత్త మిషను వస్తే ఫైలు మీద 'ఏప్రిల్ దాకా ఆపండి' అని రాసి, ఇంటికొచ్చి ఆ తెలివిని బావ ముందు గొప్పగా చెప్పుకున్నాను. బావ లోపలికెళ్లి కొబ్బరికాయ తెచ్చి నా ముందు పెట్టాడు.

"బామ్మర్దీ, నువ్వు గొడ్తవా, మల్ల నన్నే గొట్టుమంటవా?"

కోపం రావాలి కదా, నవ్వొచ్చింది. మర్నాడు ఆఫీసు తెరవగానే ఫైలు తెప్పించుకుని ఆ మాట కొట్టేశాను.