పాలు మాన్పించే లిదియమ్మ

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు పక్క పాలెంలో, బిడ్డ చేత పాలు మాన్పించాలంటే లిదియమ్మను పిలవాల్సిందే. ముప్పై ఏళ్లుగా ఇదే వాడుక. వేపాకు నూరి రొమ్ములకు పట్టించడం ఏ తల్లికైనా చేతనవుతుంది. ఆ తర్వాత బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, తల్లిని గుమ్మం అవతలికి తోసి తలుపు గడియ పెట్టడం మాత్రం లిదియమ్మ ఒక్కదానికే చేతనవుతుంది. లోపల తను బిడ్డను ఒళ్లో అదిమిపెట్టుకుని, బెల్లం, నెయ్యి కలిపిన మెత్తటి అన్నం గొంతు దాకా కూరుతుంది. "కడుపు నిండితే నువ్వు గుర్తుండవులే మే, పోయి పని చూసుకో" అని లోపలి నుంచే కేకేస్తుంది. సాయంత్రానికి బిడ్డ సొమ్మసిల్లి నిద్రపోతుంది. మర్నాడు తల్లి నాట్లకు పోతుంది. ఇద్దరూ ఆమెను కొన్నాళ్లు తిట్టుకుంటారు.

ఆమెది రాతిగుండె అని ఊళ్లో పేరు. ఆ పేరు ఆమెకు ఇష్టమే. ఉదయగిరి కొండ కింద పుట్టి, పదహారేళ్లకు ఇటువైపు కాపురానికొచ్చింది. భర్త మస్తానయ్య లారీ క్లీనరుగా పోయి మర్రిపాడు ఘాటు నుంచి శవమై వచ్చినాడు. తొమ్మిది నెలల కూతురికి ఒక్క రోజులో పాలు మాన్పించి మూడో నాడే కూలికి పోయింది. ఆ రోజు నుంచి కాసింది పరాయి గొర్రెల్ని, పితికింది పరాయి బర్రెల్ని, ఇప్పుడు సాకుతున్నది పరాయి పందుల్ని. యాభై ఎనిమిదేళ్లు వచ్చినా, ఇది నాది అని చెప్పుకునే నాలుగు కాళ్ల ప్రాణి ఒక్కటీ ఆమె ఇంటి ముందు నిలబడలేదు. ఆ లోటు ఆమెను ముల్లులా కాదు, మేకులాగా గుచ్చుతూ ఉండేది.

పందుల షెడ్డు సురేంద్రబాబుది. హెడ్మాస్టరుగా రిటైరై, చర్చిలో పెద్దరికం, ఫోన్లో వీడియోలు, నాలుగు తెల్ల ఆడపందులు పెట్టుకుని హాయిగా ఉన్నాడు. అందులో ఒకటి పన్నెండు పిల్లల్ని ఈనింది. పన్నెండూ బతికి ఒళ్లు చేస్తే ఒక ఆడదాన్ని నీకు వదిలేస్తాను, నీ ఇష్టమొచ్చింది ఎంచుకో అని లిదియమ్మకు మాటిచ్చినాడు. చర్చి పెద్ద, పైగా పదిమందిలో అన్న మాట. లిదియమ్మ ఆ రోజే ఎంచుకుంది. కుడిచెవి మీద నల్లమచ్చ ఉన్న పిల్ల. తల్లి దగ్గర అన్నిటికంటే ముందు దూరి, మొదటి చన్ను పట్టేది అదే.

ఇదివరకు ఈతల్లో పాలు మాన్పించడానికి ఆమె తొందరపడేది కాదు. నెల దాటాక తల్లిని రోజూ కాసేపు పక్కకు తోలేది. నూకల గంజి పల్చగా చేసి, మజ్జిగ చుక్క వేసి, కొంచెం కొంచెంగా అలవాటు చేసేది. రెండో నెల దగ్గర పడేసరికి పిల్లలే తల్లిని మరిచిపోయేవి. ఒక్కటి కూడా చచ్చేది కాదు. ఈసారి సురేంద్రబాబుకు వీడియో అడ్డం వచ్చింది.

"ఇరవై ఒకటో రోజుకే తల్లిని తీసెయ్యాలంట లిదియమ్మా. వారంలో తల్లి మళ్లీ ఎదకు వస్తాదంట. ఏడాదికి ఇంకో ఈత కలిసొస్తాది."

"పిల్లల పేగు ముదరనే లేదు సారూ. పాలు తప్ప ఏం తెలుసు వాటికి? దాణా ఎట్ట అరగతాది?"

"ఇంగ్లీషు దేశాల్లో అరగతా ఉండాది, ఆత్మకూరులో అరగదా?"

"అక్కడ ఏం చేస్తారో మీకు తెలుసా?"

"నువ్వు చేస్తావా, ఇంకొకరిని పిలవమంటావా?"

ఆ ఇంకొకరు వస్తే నల్లమచ్చ పిల్ల కూడా పోతుంది. లిదియమ్మ తాడు తీసింది. ఇరవై ఒకటో రోజు పొద్దున తల్లిని చెవులు పట్టి లాగి అవతలి షెడ్డులో కట్టేసింది.

రెండు రోజులు ఆ పిల్లల అరుపులకు రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసినారు. దాణా మూతికి రాసినా నాకలేదు. నీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టి అందులోనే పెంట వేస్తున్నాయి. ఒకదాని బొడ్డును ఇంకొకటి పట్టుకుని చీకితే ఎర్రగా పుండ్లయినాయి. నల్లమచ్చది కూడా నడుము సన్నబడింది. దాన్ని చూసి లిదియమ్మకు భయమేసింది. భయమేసినప్పుడు మనిషి తనకు బాగా తెలిసిన పనే చేస్తుంది.

మూడో రోజు సురేంద్రబాబు కూతురు ఏంజెలిన్ పెళ్లి. షెడ్డుకు ఎదురుగా తోటలోనే విందు. సాయంత్రానికి కోడి పలావు తపేలా సగానికి సగం మిగిలింది, అడుగున నూనె మడుగు కట్టి. లిదియమ్మ చెంచులక్ష్మిని కేకేసింది. చెంచులక్ష్మి చెరువు పక్క గుడిసెల పిల్ల, షెడ్డులో దాణా కలుపుతుంది. ఆ పని ఇప్పించింది లిదియమ్మే.

"ఈ తపేలా ఒక చెవి పట్టుకో, షెడ్డు లోపల పెడదాం."

"సారు దాణా తప్ప ఏం పెట్టబాకండి అన్నాడు గదా పెద్దమ్మా?"

"ఆ సారు బిడ్డకు పాలు మాన్పించింది ఎవురనుకున్నావు? ఇప్పుడు పట్టుచీర కట్టుకుని కూర్చోనుందే, ఆ ఏంజెలినుకు గొంతు దాకా పెట్టింది నేనే. చచ్చిందా? పట్టుకో."

చెంచులక్ష్మి పట్టుకుంది. పలావు వాసన తగిలేసరికి పన్నెండూ తపేలా మీద పడినాయి. మూడు రోజుల ఆకలి అంతా ఒక్క పూటలో తీర్చుకున్నాయి. నల్లమచ్చ దాన్ని పక్కకు లాగి, లిదియమ్మ సొంత చేత్తో ముక్కలేరి పెట్టింది. అది చాలంటున్నా పెట్టింది. కాసేపటికి షెడ్డు నిశ్శబ్దమైంది. పొట్టలు ఉబ్బి ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయినాయి. "చూసినావా?" అంది లిదియమ్మ. తన మనవరాలికి అన్నం పెట్టినప్పుడు కూడా ఆమె ముఖం అంత వెలగలేదు. మర్నాడూ అదే పెట్టింది, నల్లమచ్చకు రెండింతలు.

మనిషి బిడ్డ తొమ్మిది నెలలకో ఏడాదికో పాలు మానుతుంది. అప్పటికే ఇంట్లో అందరి కంచాల్లోంచి నాలుగేసి మెతుకులు తిని ఉంటుంది. ఈ పిల్లల లోకం ఇరవై ఒక్క రోజులు, తల్లి పొట్ట అంత వెడల్పు. ఆ తేడా లిదియమ్మకు తెలియదనుకోవడానికి లేదు. నూకల గంజి చుక్క చుక్కగా పోసిన చెయ్యే అది.

ఐదో రోజు పారుడు మొదలైంది. నీళ్లలాగా, పసుపుపచ్చగా, తోకలంటా కారింది. బక్కపిల్లలు మూల ముడుచుకున్నాయే గానీ బతికే ఉన్నాయి. బాగా తిన్నవే ముందు పడినాయి. నల్లమచ్చదాని కనురెప్పలు ఉబ్బినాయి. అరవబోతే గొంతు బొంగురుపోయి గాలి మాత్రమే వచ్చింది. తాగినవాడిలా నాలుగడుగులు అడ్డదిడ్డంగా వేసి పక్కకు ఒరిగింది. పడుకునే కాళ్లు ఆడించింది, ఎక్కడికో పరుగెత్తుతున్నట్టు. లిదియమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి కాళ్లు ఆగినాయి. మర్నాటికి మరో నాలుగు పోయినాయి.

బండి మీద తిరుగుతూ పశువులకు వైద్యం చేసే పెంచల్ వచ్చి, చచ్చినవాటి రెప్పలు ఎత్తి చూసినాడు. "బాగా బలిసినవే పోయినాయి సారూ. అర్ధాంతరంగా తల్లిని తీసేసి, ఒకేసారి కడుపు నింపితే పేగులో విషం పుడతాది. ఏం పెట్టినారు?"

సురేంద్రబాబు లిదియమ్మ వైపు చూసినాడు.

"దాణానే" అంది లిదియమ్మ.

"అయితే దాణాలోనే ఉండాది తేడా. బూజు పట్టిందో, కొలత తప్పిందో. ఎవరు కలిపేది?"

చెంచులక్ష్మి ముందుకొచ్చింది. తపేలా చెవి పట్టుకున్న చేతులు రెండూ కడుపు దగ్గర ముడుచుకుని, సారు వైపు కాకుండా లిదియమ్మ వైపు చూసింది. తను చెప్తే నమ్మరని ఆ పిల్లకు తెలుసు. పెద్దమ్మ చెప్తుందని కూడా అంతే గట్టిగా తెలుసు. "నువ్వు చెప్పు పెద్దమ్మా" అంది.

"నేనేం చెప్పేది? దాణా సంగతి నాకేం తెలుసు" అంది లిదియమ్మ.

ఆ మాట అంత సులువుగా నోట్లోంచి వచ్చినందుకు ఆమెకే సిగ్గేసింది. వెనక్కి తీసుకోవడానికి మాత్రం నోరు రాలేదు. సురేంద్రబాబు నోటికొచ్చినట్టు తిట్టినాడు, చెంచులక్ష్మి కులాన్ని కూడా వదల్లేదు. పెళ్లి జరిగిన వారంలో ఇంటి ముందు చావు తెచ్చిందన్నాడు. రేపట్నుంచి గేటు దగ్గర కనబడొద్దన్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. దాణా కొలిచే డబ్బా కడిగి, బోర్లించి పోయింది.

మిగిలిన ఏడింటినీ లిదియమ్మ బతికించింది. పెంచల్ చెప్పినట్టు తిండి సగానికి సగం తగ్గించింది. కొంచెం కొంచెంగా నాలుగైదు పూటలు పెట్టింది. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టించింది, కింద గోనెలు పరిచింది. వారానికి ఏడూ తేరుకున్నాయి. పన్నెండూ దక్కకపోయినా సురేంద్రబాబు మాట తప్పలేదు. "నీ చేతి చలవ వల్లే ఈ ఏడన్నా మిగిలినాయి. ఒకదాన్ని తీసుకో" అన్నాడు. వద్దనడానికి ఆమెకు రెండు నిమిషాల సమయం దొరికింది. ఆ రెండు నిమిషాల్లో ఆమె గోనెసంచి వెతుక్కుంది.

ఇంటి ముందు రాటకు కట్టేసిన బక్కపిల్లను చూడ్డానికి పాలెమంతా వచ్చింది. లిదియమ్మ దాని ముందు గిన్నెడు అన్నం, గంజి పెట్టి గర్వంగా నిలబడింది. ఆవేళే చెంచులక్ష్మి మిరప కోతల కూలికి పోతూ ఆ దారినే వచ్చింది. తలగుడ్డ సరిచేసుకుని, గిన్నె వైపు ఒకసారి, పిల్ల పొట్ట వైపు ఒకసారి చూసింది.

"అంత పెట్టబాక పెద్దమ్మా. దాని కడుపు ఇంకా కుదురుకోలేదు. సగం తీసెయ్."

"నాకు చెప్పేదానివైనావా నువ్వు?" అని లిదియమ్మ అరిచింది. పాలెం అంతా వినేలా అరిచింది.

చెంచులక్ష్మి కూలోళ్ల ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా ఆగి, లిదియమ్మ గిన్నె ఎత్తి సగం అన్నం అవతల పారబోసింది. ఆమె పంది బతికింది.