పాలతో కడిగిన ఎముకలు

నగరి అవతల ఒక ఊళ్లో పొలానికి పైపులు వేయాలని కాలువ తవ్వుతుంటే మనిషి ఎముకలు బయటపడ్డాయి. పక్కన తుప్పు పట్టిన కత్తి. కత్తి ఉంది కాబట్టి వీరుడేనని ఊరు తీర్మానించేసింది. ఒప్పుకోనిది ఆ పొలం గల అవ్వ ఒక్కతే.

"వీరుడూ కాదు, సూరుడూ కాదు. ఈడ మా ఇంటి పేరంటాలు, సచ్చి దేవతైనామె, ఉండాదని మా అత్త చెప్పేది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వేవాణ్నే, కానీ నా పీహెచ్‌డీ ఇలాంటి పాత ఎముకల మీదే నడుస్తోంది.

"అబ్బోడా, నువ్వన్నా నిజం చెప్తావా? ఆడమనిషిని మగపేరుతో పిలిచి దీపం పెడితే ఆమెకి చేరతాదా?" అని అడిగింది అవ్వ.

చెప్తానన్నాను. పాత ఎముకలో మిగిలిన డీఎన్‌ఏ చూస్తే ఆడో మగో తెలుస్తుంది. చిక్కేమిటంటే, మేం తిరుపతి నుంచి చేరేలోపే ఊరివాళ్లు ఎముకలను పసుపునీళ్లతో కడిగి, పాలాభిషేకం చేసి, బొట్లు పెట్టారు. తొడ ఎముక నుంచి తీసిన మొదటి నమూనాలో దొరికిందంతా దాదాపు ఆవు డీఎన్‌ఏనే.

"వీరుడు కాదు మేడమ్, గోమాత" అన్నాను మా గైడ్‌తో. ఆవిడ నవ్వలేదు.

ఇక మిగిలింది పుర్రెలో లోపలిచెవి చుట్టూ ఉండే గట్టి ఎముక. పాలు అంత లోతుకు పోవు. రెండువైపులా ఉండేదే, తవ్వకంలో ఒకటి గడ్డపారకు పోయింది. ఈ ఒక్కటీ పాడుచేస్తే అవ్వకు చెప్పడానికి ఏమీ ఉండదు. ఒళ్లంతా కప్పే తెల్లసూటు, రెండు జతల గ్లౌజులు, మాస్కు తగిలించుకుని, పైపొర గీకేసి, లోపలి పొడి తీశాను. నా ఉమ్మి తుంపర పడితే ఆ పాతకాలపు మనిషికి నా పోలికలు వస్తాయి. అందుకని ఆ పూటంతా నోరు విప్పలేదు. ల్యాబ్‌లో వాళ్లు నా ఆరోగ్యం గురించి కంగారుపడ్డారట.

ఈసారి ఆవు రాలేదు. ఆడమనిషి వచ్చింది.

ఫోన్లో చెబితే ఊరు వినదు. బస్సెక్కి వెళ్లి, పొలం గట్టు మీద పెద్దమనుషుల ముందే చెప్పాను.

"మరి కత్తి సంగతేందప్పా?" అన్నాడొకాయన.

"కత్తి ఆడదో మగదో మేం పరీక్ష చేయలేదన్నా."

అవ్వ చూపంతా నా మీదే ఉంది. "మా ఇంటామేనా?"

అవునంటే ఆమె సంతోషించేది. ఎవరూ కాదనలేరు కూడా.

"అది తెలీదవ్వా. ఆడమనిషి, అంతవరకే."

"పేరు?"

"పేరు ఎముకల్లో ఉండదవ్వా."

ఆమె పెద్దమనుషుల వైపు తిరిగింది.

"పోనీలే. పేరు నేను పెట్టుకుంటా. ఇంక ఎవుడన్నా ఈమెని మగోణ్ని అన్నట్టు ఆయప్ప, ఆయప్ప అని అనండి, సెప్తా మీ కత!"